దివ్యాంగుల పేరిట సేవింగ్స్ ఖాతా ఎవరు తెరవొచ్చు? 18 నిండకముందే తెలుసుకోండి

మా తమ్ముడికి బుద్ధిమాంద్యం. చిన్నప్పుడు అమ్మే గార్డియన్‌గా ఉండి ఖాతా తెరిచింది. వాడికి 18 నిండాక హనుమకొండలో పింఛను డబ్బులు తీద్దామని వెళ్తే, కౌంటర్‌లో పాస్‌బుక్కు తిప్పి చూసి "బాబు మేజర్ అయిండు, ఇక మీ సంతకం చెల్లదమ్మా" అన్నారు. తమ్ముడు పెన్ను పట్టుకుని వోచర్ మీద సున్నాలు చుట్టి, బాగుందా అన్నట్టు అమ్మ వైపు చూశాడు. రూల్ ప్రకారం బ్యాంకువాళ్లు అన్నది కరెక్టే, కానీ తర్వాత ఎక్కడికి పోవాలో ఒక్కరూ చెప్పలేదు, అదే బాధ.

ముందు ఒక సంగతి. దివ్యాంగులందరికీ గార్డియన్ అక్కర్లేదు. చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, పోలియో వచ్చినవాళ్లు ఖాతా తామే తెరుచుకోవచ్చు. చూపు లేదని చెక్‌బుక్కు, ఏటీఎం కార్డు, లాకర్ ఆపకూడదని రిజర్వ్ బ్యాంకు 2008లోనే బ్యాంకులకు చెప్పింది. ఎవరైనా "తోడు ఎవరినైనా తెచ్చుకో" అంటే ఈ మాట గట్టిగా అడగండి, మొహమాటపడొద్దు.

18 లోపు పిల్లలకైతే అమ్మ గానీ నాన్న గానీ గార్డియన్‌గా తెరవొచ్చు. నాన్నే రావాలని ఎవరన్నా వినకండి.

చిక్కంతా 18 దాటాకే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు సమస్య వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి), బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాకూ లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. అందులో కలెక్టర్, ఒక రిజిస్టర్డ్ సంస్థ ప్రతినిధి, దివ్యాంగులు ఒకరు, మొత్తం ముగ్గురు. తల్లిదండ్రులు గానీ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల లాంటి దగ్గరి బంధువులు గానీ దరఖాస్తు పెట్టుకుంటే, గార్డియన్ నిజంగా అవసరమా, ఏయే పనులకు అవసరం అని చూసి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్ చూసి ఖాతా తెరవండని, నడపనివ్వండని రిజర్వ్ బ్యాంకు 2007లోనే చెప్పింది, మేనేజర్‌కు తెలియకపోతే మీరే చెప్పండి. పోస్టాఫీసులోనూ గార్డియన్ ద్వారా తెరవొచ్చు, 500 రూపాయలు కడితే చాలు.

హనుమకొండ, వరంగల్ ఇప్పుడు వేర్వేరు జిల్లాలు కాబట్టి మీ ఆధార్‌లో ఏ జిల్లా ఉందో చూసుకుని ఆ కలెక్టరేట్‌లోనే దివ్యాంగుల సంక్షేమ విభాగంలో అడగండి. కదలిక లేకపోతే సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి, అందుకే పుట్టినరోజు దాకా ఆగకుండా వైకల్యం ఉందని చెప్పే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ, ఆధార్, ఫొటోలు ముందే సర్ది పెట్టుకోండి. మేము ఆ పని చేయలేదు, దాంతో కలెక్టరేట్ చుట్టూ తిరగాల్సి వచ్చింది, ఆ టెన్షన్ మీకొద్దు.

స్కిజోఫ్రెనియా లాంటి మానసిక జబ్బు ఉన్నవాళ్లకు ఈ కమిటీ దారి పనిచేయదు. వాళ్లకు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ కింద పరిమిత గార్డియన్‌ను, అంటే కొన్ని నిర్ణయాలకు మాత్రమే తోడుండే గార్డియన్‌ను పెట్టించుకోవాలి, లాయర్‌ను కలిస్తే మంచిది.

కమిటీ ద్వారా గార్డియన్ అయ్యాక కూడా పని ఉంది. ఆరు నెలల్లోగా ఆ దివ్యాంగుల ఆస్తుల జాబితా, ఆ తర్వాత ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా లెక్కలు కమిటీకి ఇవ్వాలి. అమ్మ ఒక నోట్‌బుక్కులో పింఛను ఎంత వచ్చింది, మందులకు ఎంత పోయింది, చెప్పులకు ఎంత అని తేదీతో సహా రాస్తుంది, బిల్లులు అదే పుస్తకంలో పిన్ను పెట్టి ఉంచుతుంది.