పేనుబంకను తినే అక్షింతల పురుగును గుర్తుపట్టడం ఎలా?

సంక్రాంతి దగ్గర పడే రోజుల్లో విశాఖలో ఏ మిద్దె తోట చూసినా చిక్కుడు పాదు లేత కొసలకు నల్లగా పేనుబంక, అంటే మొక్కల రసం పీల్చే చిన్న పురుగుల గుంపు, పట్టి ఉంటుంది. మందు కొట్టాలనిపించడం సహజమే. కానీ ముందు ఐదు నిమిషాలు ఆ పాదును పరిశీలించండి. ఆ పేనును తినే అక్షింతల పురుగు (లేడీబర్డ్) అప్పటికే వచ్చి ఉండొచ్చు. మన వైపు తరచుగా కనిపించేది గీతలున్న రకం, శాస్త్రీయ నామం కైలోమెనెస్ సెక్స్‌మాక్యులాటా.

వెతకడానికి ఉదయం పూట మంచిది. ఎండెక్కితే పురుగు చురుకై చటుక్కున ఎగిరిపోతుంది. లేత కొసలు, పూమొగ్గలు, ఆకుల అడుగు చూడండి. తోట లేనివాళ్లు ఖాళీ స్థలాల్లో పెరిగే జిల్లేడు మొక్కలు చూసినా చాలు. వాటికి పసుపు రంగు పేను పడుతుంది, దాని కోసం ఇవీ వస్తాయి. ఒకదాన్ని గాజు సీసాలోకి తీసుకుని రెండు మూడు నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే నెమ్మదిస్తుంది. అప్పుడు భూతద్దంతో తీరిగ్గా చూడొచ్చు.

కందిపప్పు బద్దంత పురుగు ఇది. నున్నగా మెరుస్తుంది. వీపు రంగు పసుపు నుంచి ఎరుపు దాకా ఏదైనా కావచ్చు. రెక్కలు కలిసే చోట నిలువునా నల్ల గీత, ఒక్కో రెక్క మీద రెండు వంకర గీతలు, చివర ఒక చుక్క ఉంటాయి. అయితే ఒక్క వీపునే నమ్ముకోకండి. కొన్నింటిలో గీతలు తెగిపోయి, కొన్నింటిలో కలిసిపోయి ఉంటాయి. ప్యూపా (పిల్ల పురుగు పెద్దదిగా మారే ముందు కదలకుండా ఉండే దశ) నుంచి అప్పుడే బయటపడ్డదానికి అసలు గీతలే ఉండవు, లేత పసుపుగా ఉండి కొన్ని గంటల్లో రంగు తేలుతుంది.

అందుకే తల వెనకున్న పలక చూడాలి. మన పురుగుకు అది లేత పసుపు, దాని మీద వెనక అంచు నుంచి ముందుకొచ్చే నల్ల మచ్చ ఉంటుంది. పలక నల్లగా ఉండి ముందు మూలల్లో మాత్రమే నారింజ మచ్చలుంటే అది కాక్సినెల్లా ట్రాన్స్‌వర్సాలిస్. టెన్షన్ పడక్కర్లేదు, అదీ పేనునే తింటుంది.

గొడవల్లా వంగ మొక్క మీది పురుగుతోనే. దాన్నీ అక్షింతల పురుగనే అంటారు. దాని ఒంటి మీద సన్నని నూగు ఉండటంతో మెరుపు ఉండదు. వీపు మీద చాలా చుక్కలుంటాయి, ఎక్కువగా 28. ఆకు పచ్చదనాన్ని గీకి తిని ఈనెల వలను మిగులుస్తుంది. దాని పిల్లలు పసుపుగా, ఒళ్లంతా కొమ్మలు చీలిన ముళ్లతో ఉంటాయి. వీటిని ఏరి సబ్బు నీళ్లలో వేయండి.

అసలు పొరపాటు జరిగేది పిల్ల దశలో. మన మిత్రుడి పిల్ల నల్లగా, పొడుగ్గా, తెల్లటి లేదా పసుపు మచ్చలతో ఆరు కాళ్ల మీద పరుగెడుతుంది. పెద్దదానితో ఏ పోలికా ఉండదు కాబట్టి చూడగానే నలిపేస్తారు. పేను గుంపు మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఒక్కోదాన్నీ దవడలతో పట్టి తింటుంటే అది ఇదే. గుడ్లు పసుపుగా, సన్నగా, గుంపుగా నిలబెట్టినట్టు ఉంటాయి. వాతావరణం వెచ్చగా ఉంటే రెండు మూడు వారాల్లో గుడ్డు పెద్ద పురుగైపోతుంది. తిండి తగ్గితే తోడబుట్టిన గుడ్లనే తినేస్తాయి, అదేం జబ్బు కాదు.

పెద్ద పురుగును పట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. కీళ్ల నుంచి పసుపు ద్రవం కారుతుంది. వాసన బాగోదు కానీ ప్రమాదం లేదు, చేయి కడుక్కుంటే పోతుంది.

వీటిని ఉండనివ్వాలంటే ముందు చీమల సంగతి చూడాలి. పేను విడిచే తీపి బంక కోసం చీమలు కాపలా కాసి వీటిని తరిమేస్తాయి. పందిరి కర్రల మొదట్లో పేపరు చుట్టి దాని మీద గ్రీజు పూయండి. పేను మరీ ఎక్కువైతే పిల్ల పురుగులు లేని కొసలనే నీళ్ల ధారతో కడగండి. కొంత పేనును వదిలేయండి, లేకపోతే తిండి లేక ఇవి పక్కింటి తోటకు వెళ్లిపోతాయి.