థెరపిస్ట్‌ను ఎంచుకునే ముందు: ట్రాన్స్ వ్యక్తులకు జాగ్రత్తలు

• అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఫోన్‌లో అడగండి: "ఇంతకుముందు ట్రాన్స్ వాళ్లతో పనిచేశారా? నన్ను నేను చెప్పిన పేరుతోనే పిలుస్తారా?" తడబడినా పర్లేదు, నేర్చుకుంటానంటే చాలు. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది, ముందు మీవాళ్లను తీసుకురండి" అన్నారా, అక్కడితో ఆపేయండి.

• "మిమ్మల్ని మారుస్తాను" అనేవాళ్ల గడప తొక్కొద్దు. డబ్బు పోవడం ఒక్కటే కాదు, మనిషే చితికిపోతారు. ఈ కన్వర్షన్ థెరపీని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ట్రాన్స్‌గా ఉండటం జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో దాన్ని మానసిక రుగ్మతల నుంచి తీసేసింది.

• క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ చూడండి.

• ఆధార్‌లో పాత పేరే ఉంటే, రిసెప్షన్‌లో అందరి ముందూ ఆ పేరుతో కేకేయొద్దని ముందే చెప్పి ఉంచండి. చాలామందికి అసలు టెన్షన్ అక్కడే.

• ఇంట్లో తెలియకపోతే బిల్లు, మెసేజ్‌లు ఏ నంబరుకు వస్తాయో తేల్చుకోండి. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉండటం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు.

• సరైనవాళ్లు దొరికేలోపు మనసు బాగా కుంగితే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.