టేపు, అలారం, ఒక నోట్: కీమో అయ్యాక ఫోన్‌ను నేను ఎలా వాడుతున్నానంటే

నేను కోదాడలో లేడీస్ టైలర్‌ని. 2023లో ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ అయింది. నాలుగు ఎర్ర సెలైన్లు (అవీ కీమోనే), తర్వాత వారానికొకటి చొప్పున పన్నెండు కీమోలు, ఆపైన పదిహేను రోజులు కరెంటు (రేడియేషన్) పెట్టారు. అవి నడిచినన్నాళ్లూ ఎప్పుడు రావాలో, ఏం తినాలో సిస్టర్లే చెప్పేవాళ్లు. ఆఖరి కరెంటు అయిన రోజు "ఇక మూడు నెలలకు రండమ్మా" అని పంపేశారు. సంతోషపడాల్సిన రోజే గానీ, బస్సెక్కి కూర్చున్నాక టెన్షన్ మొదలైంది. ఈ మూడు నెలలూ నన్నెవరు చూస్తారు?

మా అమ్మాయి బీఫార్మసీ చదువుతోంది. ఆ వారమే నా ఫోన్‌లో ఏడెనిమిది యాప్‌లు వేసింది. ఒకటి నీళ్లు తాగమంటుంది, ఒకటి మనసెలా ఉందని మొహాల బొమ్మలు చూపిస్తుంది, ఇంకోటి ఇంగ్లీషులో ధైర్యం చెబుతుంది. నెల తిరగకుండా అన్నీ తీసేశాను. ఇప్పుడు నా ఫోన్‌లో క్యాన్సర్ అని పేరున్న యాప్ ఒక్కటీ లేదు. అలారం, నోట్స్, అడుగులు లెక్కపెట్టేది, కాగితాలు దాచేది, అంతే. ఓపీలో మనకు దొరికేది మహా అయితే పది నిమిషాలు. ఆ పది నిమిషాలకు పనికొచ్చేదే ఫోన్‌లో ఉండాలని నా లెక్క.

ముందు మాత్ర సంగతి. నాకు టామాక్సిఫెన్, అంటే క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే హార్మోన్ మాత్ర, 20 ఎంజీ, రోజుకొకటి, ఐదేళ్లు వేసుకోమన్నారు. కొందరికి పదేళ్లు కూడా రాస్తారు. మొదట్లో పొద్దున ఎనిమిదికి అలారం పెట్టాను. ఆ టైముకి పొయ్యి మీద పప్పు, గుమ్మంలో జాకెట్ కోసం వచ్చినావిడ. అలారం నొక్కేసి "వేసుకుంటాలే" అనుకోవడం, మధ్యాహ్నానికి వేసుకున్నానో లేదో గుర్తు లేకపోవడం. ఒకరోజు ఆ అనుమానంతోనే రెండోది కూడా మింగాను. డాక్టరమ్మకు చెబితే "ఒకరోజు తప్పితే తప్పింది, మర్నాడు మామూలుగా ఒకటే వేసుకో. రెండు కలపొద్దు" అన్నారు. అప్పటి నుంచి అలారం రాత్రి తొమ్మిదికి మార్చాను. మాత్రల అట్ట చార్జర్ పక్కనే ఉంటుంది. మాత్ర గొంతు దిగాకే అలారం ఆపాలి, ముందు ఆపకూడదు. అట్ట వెనక పెన్నుతో తేదీలు కూడా వేసుకుంటాను, అనుమానమొస్తే తిప్పి చూసుకోవచ్చు.

మాత్రల కోసమే ఉన్న మెడిసేఫ్ లాంటి యాప్ వాడేవాళ్లు ఒక పని తప్పక చేయండి. సెట్టింగ్స్‌లో ఆ యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని పెట్టండి. లేకపోతే చార్జింగ్ మిగులుతుందని ఫోనే దాన్ని నిద్రపుచ్చేస్తుంది, మీకు గంట మోగదు. పది మాత్రలు మిగిలిన రోజుకు ఇంకో అలారం పెట్టుకోండి. మా ఊళ్లో మెడికల్ షాపు వాళ్లు ఆర్డర్ పెట్టి తెప్పించాలి.

ఇక చెయ్యి. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నాకు బాగా పనికొచ్చింది ఇదే. చంకలో లింఫ్ గ్రంథులు తీసేశాక, కరెంటు కూడా పెట్టాక, అటువైపు చేతిలో నీరు చేరి వాపు రావచ్చు. ఏళ్ల తర్వాతైనా రావచ్చు. లింఫెడిమా అంటారు. తొలిదశలో పట్టుకుంటే అదుపులో ఉంచుకోవచ్చు. పాతికేళ్లుగా ఊరందరి చేతులూ కొలిచినదాన్ని, నా చెయ్యి కొలుచుకోవాలని ఫిజియో చెప్పేదాకా తోచలేదు చూడండి!

ఆదివారం పొద్దున స్నానానికి ముందు కొలుస్తాను. చెయ్యి బల్ల మీద చాపి, అరచెయ్యి పైకి ఉంచాలి. మోచేతి మడత దగ్గర నుంచి పైకి 10 సెంటీమీటర్లు, కిందికి 10 సెంటీమీటర్లు లెక్కేసి చాక్‌తో గీత పెట్టాలి. ఆ గీతల మీద చుట్టుకొలత తీయాలి. టేపు ఒంటికి ఆనాలి గానీ బిగించకూడదు. టైట్‌గా కావాలని అడిగిన కస్టమర్‌కి కూడా మనం కొలత వదులుగానే తీస్తాం కదా, అట్లా. రెండో చెయ్యీ కొలవాలి. మాకు అంగుళాలు అలవాటు, అయినా టేపు తిప్పి సెంటీమీటర్లలోనే రాయండి, ఆస్పత్రిలో అవే అడుగుతారు. గూగుల్ కీప్‌లో ఒకటే నోట్ తెరిచి, కొత్త వారాన్ని ఎప్పుడూ పైన రాస్తాను: "ఆగస్టు 11. ఎడమ పైన 28.4, కింద 23.1. కుడి పైన 28.6, కింద 23.5."

నాది కుడిచేతి వాటం కాబట్టి ఆ చెయ్యి కాస్త లావుండటం మామూలే. చూడాల్సింది వారం వారం మారుతోందా అని. రెండు చేతుల మధ్య రెండు సెంటీమీటర్ల తేడా వస్తే వాపు కిందే లెక్క అంటారు, కానీ అందాకా ఆగొద్దు. పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పదకొండు దాకా మిషను ముందు కూర్చున్నాను. ముంజేతి కొలత మూడు వారాల్లో 23.1 నుంచి 23.5కి, తర్వాత 24.3కి వెళ్లింది. అద్దంలో చూస్తే ఏమీ తెలియదు. గాజులు మాత్రం ఎక్కలేదు. నోట్ చూపిస్తే ఫిజియో "ఎప్పటి నుంచి?" అని కూడా అడగలేదు. బిగుతు స్లీవ్ ఇచ్చారు, మర్దన నేర్పారు, గంటకోసారి చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించి వదలమన్నారు. రెండు నెలలకు 23.6కి దిగింది. ఒకవేళ చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే నోట్ రాస్తూ కూర్చోకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. నా ఫోన్ లాక్ తెర మీద "ఎడమ చేతికి సూది, బీపీ పట్టీ వద్దు" అని కనిపించేలా పెట్టుకున్నాను. స్పృహ లేనప్పుడు మనం చెప్పలేం కదా.

ఆ వారం వారం కీమోతో వేళ్ల చివర తిమ్మిర్లు మిగిలిపోయాయి. సూదిలో దారం ఎక్కించడానికే మా అమ్మాయిని పిలవాలి, ఇక టైపింగ్ ఏం చేస్తాను! కీబోర్డులో తెలుగు పెట్టుకుని, మైకు బొమ్మ నొక్కి చెబితే అదే రాస్తుంది. "నిన్న రాత్రి ఒంట్లో ఆవిర్లు, మూడుసార్లు లేచాను, పదికి ఆరు" అంటే చాలు. తేదీ, బాధ, పదికి ఎంత, ఎంతసేపు. వ్యాసం అక్కర్లేదు. ఇలా రాసి పంపడం మీద అమెరికాలో 766 మందితో ఒక పరిశోధన జరిగిందని మా అమ్మాయి చదివి చెప్పింది. ముదిరిన క్యాన్సర్‌కు కీమోలో ఉన్నవాళ్లు తమ బాధలు ఎప్పటికప్పుడు కంప్యూటర్లో నమోదు చేస్తే, తీవ్రమైనవి నర్సులకు వెంటనే తెలిసేవి. 2017లో వచ్చిన ఫలితాల్లో అలా రాసినవాళ్లలో సగం మంది 31 నెలలకు పైగా, మామూలుగా చూపించుకున్నవాళ్లలో సగం మంది 26 నెలలకు పైగా బతికారట. అది నాలాంటివాళ్ల మీద చేసింది కాదు. పైగా అక్కడ చదివి ఫోన్ చేసే నర్సు ఉంది. నా నోట్‌ను నేను చూపిస్తేనే ఎవరైనా చూస్తారు. అందుకే ఓపీకి ముందు రోజు సాయంత్రం దాన్నంతా చదివి, మూడే మూడు ప్రశ్నలు పైకి తెచ్చి పెట్టుకుంటాను.

నడకకు ఫోన్‌తో వచ్చిన హెల్త్ యాప్ చాలు. చీరకు జేబుండదు, ఫోనేమో మిషను బల్ల మీద ఉంటుంది, మొదటి వారం దానికి నేను మంచం దిగనే లేదు! మిగిలిన లైనింగ్ గుడ్డతో చిన్న సంచి కుట్టి నడుముకు కట్టుకున్నాను. ఇప్పుడు మిషను తొక్కినా ఒక్కోసారి అడుగులు పెరుగుతాయి, ఆ పుణ్యం నేను కాదనను. యాప్ పదివేల అడుగులు అడుగుతుంది. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది, ఏ డాక్టరూ మనకు రాసిచ్చింది కాదు. సెట్టింగ్స్‌లో లక్ష్యం తగ్గించుకోండి. నేను 900తో మొదలుపెట్టి, వారానికి రెండొందలు పెంచుకుంటూ వచ్చాను. నీరసంగా ఉన్న వారం పెంచలేదు.

కాగితాల్లో బయాప్సీ రిపోర్టు (ఈఆర్, పీఆర్, హెర్2 ఉన్న పేజీతో సహా, గడ్డకు ఏ మందు పనిచేస్తుందో వాటిని బట్టే చూస్తారు), డిశ్చార్జి సమ్మరీ, ఏ కీమో ఎన్ని ఇచ్చారో ఉన్న కాగితం ముందు స్కాన్ చేయండి. ఫైలు పేరు తేదీతో మొదలైతే వాటంతటవే వరసలో ఉంటాయి. నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోన్‌లోనే ఒక కాపీ ఉంచండి. ఆభా నంబరు, అంటే ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు, 14 అంకెలది, తీసుకుంటే దానికి కలిపిన ఆస్పత్రుల రికార్డులు కూడా మీ ఫోన్‌కు వస్తాయి, మీరు ఒప్పుకుంటేనే ఇంకొకరికి వెళ్తాయి. చుట్టాల వాట్సాప్ గ్రూపులో మాత్రం రిపోర్టు పెట్టకండి. నేను పెట్టాను. సాయంత్రానికి పదకొండు మంది పదకొండు కషాయాలు చెప్పారు.

రాత్రిళ్లు యూట్యూబ్ సంగతి కూడా అంతే. లక్ష్మణఫలంతో క్యాన్సర్ పోతుందనే వీడియో ఒకటి చూశానో లేదో, వారమంతా అవే వచ్చాయి. పక్కనున్న మూడు చుక్కలు నొక్కి "ఈ ఛానల్‌ను సిఫార్సు చేయవద్దు" అని పెడుతూ పోతే తగ్గుతాయి. మళ్లీ వస్తుందేమోనన్న భయంతో నిద్ర పట్టని రాత్రి 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడతారు. అవతల ఎవరో అమ్మాయి, ఇరవై నిమిషాలు విన్నది.

టామాక్సిఫెన్ వేసుకునేవాళ్లకు ఒక మాట. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, నెలసరి ఆగాక రక్తం కనిపించినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే 108కి. ఆ రెండు నంబర్లూ, మా అమ్మాయిదీ నా ఫోన్ మొదటి పేజీలోనే ఉంటాయి, తిమ్మిరి వేళ్లకు అందేంత పెద్ద బొమ్మలతో.