విగ్రహం కంటే ముందు దిమ్మెను చదవండి

కూడలిలో నిలిచిన విగ్రహం ఎవరిదో తెలుసుకోవడం తేలికే కానీ, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ నిలబెట్టారో తెలిసినప్పుడే ఆ సమాజం తన గురించి తాను ఏం చెప్పుకోదలచిందో బోధపడుతుంది. అందువల్ల ముఖం చూడడానికి ముందు దిమ్మె చుట్టూ ఒకసారి తిరిగి, చెక్కిన అక్షరాలన్నీ, ముఖ్యంగా ప్రతిష్ఠించిన తేదీని, రాసుకోండి.

ఆ తేదీని సదరు వ్యక్తి మరణించిన సంవత్సరంతో పోల్చండి. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని 1895లో ప్రతిష్ఠించారు. ఆయన చనిపోయింది 1721లో. అంటే 174 ఏళ్ల తరువాతి పెద్దలకు దానశీలి అయిన ఒక వర్తకుడు ఆదర్శంగా కావలసి వచ్చాడన్నమాట. ఫలకం ఆయనను నగరం కన్న సుగుణవంతులలో, వివేకవంతులలో ఒకడని కీర్తించిందే తప్ప, ఆయన పాలుపంచుకున్న బానిసల వ్యాపారం ఊసే ఎత్తలేదు. 2020 జూన్ 7న నిరసనకారులు ఆ విగ్రహాన్ని పడగొట్టి రేవు నీళ్లలోకి తోసేశారు. దాన్ని బయటికి తీశాక, ఒంటి మీది రంగు మరకలు చెరపకుండా, మ్యూజియంలో పడుకోబెట్టి ప్రదర్శించారు. ఆ మరకలను ఉంచడమే సరైన పని అని నా అభిప్రాయం, ఎందుకంటే నిలబెట్టిన తరం ఎంతో, పడగొట్టిన తరమూ ఆ నగర చరిత్రలో అంతే భాగం.

తరువాత రూపాన్ని గమనించండి. వాషింగ్టన్‌లో 1982లో పూర్తయిన వియత్నాం యుద్ధ స్మారకానికి నమూనా ఇచ్చినప్పుడు మాయా లిన్ 21 ఏళ్ల విద్యార్థిని. అక్కడ గుర్రమూ లేదు, ఎత్తిన కత్తీ లేదు. నేలలోకి దిగుతూ ఒక మూలలో కలుసుకునే రెండు నల్ల గ్రానైట్ గోడలు, వాటి మీద 58,000కు పైగా పేర్లు మాత్రమే ఉన్నాయి. పేర్లకు హోదాల వరుస లేదు, తేదీల వరుసే ఉంది. ఆ వరుస మూలలో మొదలై కుడి గోడ చివరి దాకా సాగి, ఎడమ గోడ చివర మళ్లీ అందుకుని అదే మూలకు తిరిగి వస్తుంది కనుక మొదటి మృతుల పేర్లూ చివరి మృతుల పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. మెరుగుపెట్టిన రాతిలో, ఆ పేర్ల నడుమ, చదివేవారి ముఖం కనిపిస్తుంది. అయితే ఈ మౌనం అందరికీ నచ్చలేదు. 1984లో దగ్గరలోనే ముగ్గురు సైనికుల కంచు విగ్రహాన్ని చేర్చారు. ఇలా ఒకే ఆవరణలో రెండు రూపాలు కనిపిస్తే, వాటి వెనుక జరిగిన వాదాన్ని తప్పక వెతకండి.

ప్రభుత్వ భవనాల దగ్గర ప్రజలు ఏ ద్వారం గుండా వెళతారో, ఎంత ఎత్తు ఎక్కాలో, లోపల ఎవరి కన్నా పైన నిలబడతారో చూడండి. బెర్లిన్‌లోని జర్మనీ పార్లమెంటు భవనమైన రైష్టాగ్ మీద 1999లో పూర్తయిన గాజు గుమ్మటంలో సందర్శకులు సభామందిరానికి పైన నడుస్తారు. ఆ భవనం గోడల మీద 1945లో సోవియట్ సైనికులు రాసిన రాతలలో కొన్నింటిని చెరపకుండా ఉంచారు. ఓటమి గుర్తును పార్లమెంటు భవనంలోనే అందరికీ కనిపించేలా ఉంచుకోవడం చిన్న విషయం కాదు.

చివరగా, ఖాళీగా ఉన్న చోటును కూడా నమోదు చేసుకోండి. ఢిల్లీలో ఇండియా గేట్ ఎదుటి రాతి మండపం నుంచి ఐదో జార్జి విగ్రహాన్ని 1968లో తొలగించారు. 2022లో సుభాష్ చంద్రబోస్ విగ్రహం వచ్చేదాకా, అర్ధశతాబ్దం పైగా, ఆ మండపం ఎవరూ లేకుండానే నిలిచింది.