ఫెర్న్ మొక్కల్లో మందు – పాఠం 3: నమ్మే ముందు అడగాల్సిన ప్రశ్నలు

గత పాఠంలో ఫెర్న్‌ని గుర్తుపట్టడం నేర్చుకున్నాం. పువ్వు ఉండదు, విత్తనం ఉండదు. లేత ఆకు చుట్ట చుట్టుకుని వస్తుంది, ముదిరిన ఆకు అడుగున సిద్ధబీజాల గుంపులు కనిపిస్తాయి. ఈసారి అసలు పని. "ఫలానా ఫెర్న్ ఫలానా జబ్బుకి మందు" అని చదివినప్పుడు ఆ మాటని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడం ఎలా?

నాలుగు ప్రశ్నలు వేయండి. మొక్కలో ఏ భాగం వాడారు? అందులో పనిచేసే పదార్థం ఏది? ఎంత మోతాదు, ఎలా ఇచ్చారు? ఎవరి మీద పరీక్షించారు? ఒక మొక్క మీద వీటిని వేసి చూద్దాం. దాని పేరు మేల్ ఫెర్న్, శాస్త్రీయనామం డ్రయోప్టెరిస్ ఫిలిక్స్-మాస్.

ప్రాచీన గ్రీకుల కాలం నుంచీ బద్దెపురుగులకి దీన్ని మందుగా వాడారు. 18వ శతాబ్దంలో మదాం నూఫెర్ అనే ఆవిడ దగ్గరున్న రహస్య మందుని ఫ్రాన్స్ రాజు 16వ లూయీ 18,000 లీవ్ర్‌లు ఇచ్చి కొన్నాడు. రహస్యం విప్పి చూస్తే ఈ ఫెర్న్ పొడే! వాడింది ఆకు కాదు, నేలలో ఉండే కొమ్ము (పసుపు కొమ్ము లాంటి కాండం). పనిచేసేవి ఫ్లోరోగ్లూసినాల్ జాతి పదార్థాలు. ఇవి పురుగు కండరాలని స్తంభింపజేస్తాయి. పట్టు సడలిన పురుగుని ఆ తర్వాత ఇచ్చే విరేచనాల మందు బయటికి తోసేస్తుంది.

ఇక్కడ మూడో ప్రశ్న దగ్గర ఆగాలి. ఈ పదార్థాలు నూనెలో కరుగుతాయి. మందు పేగులోనే ఉండిపోతే పురుగుకి దెబ్బ, రక్తంలో కలిస్తే మనిషికి దెబ్బ. అందుకే విరేచనానికి ఆముదం ఇవ్వకూడదని, లవణాల మందులే ఇవ్వాలని వైద్యులు హెచ్చరించేవారు. మోతాదు మించితే కంటి నరం దెబ్బతిని చూపు పోయేది, ప్రాణం కూడా పోయేది. అంటే మందు నిజంగానే పనిచేసింది, విషమూ నిజమే. నిక్లోసమైడ్, ప్రాజిక్వాంటెల్ లాంటి సురక్షితమైన మందులు వచ్చాక దీన్ని పక్కన పెట్టేశారు. "వేల ఏళ్లుగా వాడుతున్నారు" అన్న మాట ఎవరైనా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ మొక్కే.

నాలుగో ప్రశ్నకి ఇంకో ఉదాహరణ హుపెర్జిన్ ఎ అనే పదార్థం. చాలామంది దీన్ని ఫెర్న్ మందుల జాబితాలో కలిపేస్తారు గానీ, ఇది దొరికే హుపెర్జియా సెరాటా అనే మొక్క ఫెర్న్ కాదు, క్లబ్‌మాస్ అనే వేరే గుంపుది. మెదడులో నరాల మధ్య సంకేతాలు మోసే అసిటైల్‌కోలిన్‌ని విడగొట్టే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది కాబట్టి అల్జీమర్స్ రోగులకి ఇచ్చి చూశారు. మనుషుల దాకా వచ్చింది, అది పెద్ద విషయమే. కాకపోతే పరీక్షల్లో చాలావరకు చిన్నవి, నాణ్యత అంతంతమాత్రం. కాబట్టి "ఆశ ఉంది, రుజువు చాలదు" అని మీ నోటుపుస్తకంలో రాసుకోండి.

వీటితో పాటు మొక్క ఎక్కడ పెరిగిందో కూడా చూడాలి. టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ నేలలోని ఆర్సెనిక్‌ని లాగి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో బయటపడింది. కలుషితమైన నేలని శుభ్రం చేయడానికి అది బంగారం. కషాయానికి మాత్రం పనికిరాదు. బ్రాకెన్ అనే ఇంకో ఫెర్న్‌లోనైతే విషం సొంతంగానే తయారవుతుంది. టాక్విలోసైడ్ అనే ఆ పదార్థం పశువుల్లో మూత్రాశయ క్యాన్సర్ తెస్తుంది, మేసిన ఆవు పాలలోకీ చేరుతుంది. ఈ పాఠాలు చదివి అర్థం చేసుకోవడానికే, సొంత వైద్యానికి కాదు.

అభ్యాసం: "ఈ ఫెర్న్ ఆకుల సారం ప్రయోగశాలలో గాజు పళ్లెంలోని బాక్టీరియాని చంపింది, కాబట్టి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకి ఇది మందు." ఈ వాక్యంలో నాలుగు ప్రశ్నల్లో వేటికి జవాబు ఉందో, వేటికి లేదో రాయండి. చిన్న సూచన: ఉప్పునీళ్లు చిక్కగా పోసినా పళ్లెంలో చాలా బాక్టీరియా చస్తుంది. జవాబులు నాలుగో పాఠం మొదట్లో సరిచూసుకుందాం.