డిగ్రీలో స్టాటిస్టిక్స్ పేపర్ ఉందా? మొదటి నుంచే ఇలా చదవండి

డిగ్రీ ఫస్టియర్‌లో స్టాటిస్టిక్స్ ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. బీఎస్సీలో మెయిన్ సబ్జెక్ట్‌గా తీసుకున్నా, బీకామ్‌లోనో బీబీఏలోనో ఒక పేపర్‌గా తగిలినా మొదట్లో వచ్చే ఇబ్బంది ఒకటే. ఇంటర్ అలవాటు కొద్దీ ఫార్ములా బట్టీ పట్టి, అంకెలు అందులో వేసి, ఆన్సర్ చుట్టూ డబ్బా గీసి తర్వాతి లెక్కకి వెళ్లిపోతాం. స్టాటిస్టిక్స్‌లో ఆన్సర్ వచ్చాకే అసలు పని మొదలవుతుంది. అందుకే మొదటి రోజు నుంచి ఒక అలవాటు చేసుకోండి: వచ్చిన ప్రతి ఆన్సర్ కిందా, అది దేని గురించి ఏం చెబుతోందో మామూలు తెలుగులో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే లెక్క ఇంకా అర్థం కానట్టే.

ఒక షాపులో ఐదుగురి నెల జీతాలు 14, 15, 15, 16, 90 వేలు అనుకుందాం. మీన్, అంటే సగటు, 30 వేలు వస్తుంది. ఆ షాపులో 30 వేలు తీసుకునే మనిషే లేడు. మీడియన్, అంటే వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చే విలువ, 15 వేలు. ఇప్పుడు రాయాల్సిన వాక్యం ఇది: ఒక్కరి జీతం బాగా ఎక్కువ కాబట్టి మీన్ పైకి లాగబడింది, ఇక్కడ పనిచేసే మామూలు ఉద్యోగి సంపాదన తెలియాలంటే మీడియన్ చూడాలి. ఈ ఒక్క వాక్యం రాసినవాడికి మీన్ ఎప్పుడు వాడాలి, మీడియన్ ఎప్పుడు వాడాలి అనే రెండు మార్కుల ప్రశ్న మళ్లీ చదవక్కర్లేదు.

తర్వాత సిగ్మా గుర్తు (అన్నీ కలపమని చెప్పే Σ) అంటే బెరుకు పోవాలి. 4, 6, 7, 8, 10 తీసుకుని స్టాండర్డ్ డీవియేషన్ (ఎస్‌డీ), అంటే విలువలు మీన్ నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, చేత్తో చేయండి, కాలిక్యులేటర్ ముట్టుకోవద్దు. మొత్తం 35, మీన్ 7. ఒక్కోదాంట్లోంచి 7 తీసేస్తే -3, -1, 0, 1, 3. వాటి వర్గాలు కలిపితే 20, దాన్ని 5తో భాగిస్తే వేరియన్స్ 4, దాని వర్గమూలం స్టాండర్డ్ డీవియేషన్ 2. అదే లెక్క రెండో దారిలోనూ చేయండి: విలువల వర్గాల మొత్తం 265, 5తో భాగిస్తే 53, అందులోంచి మీన్ వర్గం 49 తీసేస్తే మళ్లీ 4. ఇక్కడే జాగ్రత్త, వర్గాల మొత్తం 265, కానీ మొత్తానికి వర్గం చేస్తే 1225. ఈ రెండింటినీ కలగాపులగం చేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇవే ఐదు విలువలు పెద్ద గుంపులోంచి తీసిన శాంపిల్ అయితే, ఆ గుంపు వేరియన్స్ అంచనా వేయడానికి 5కి బదులు 4తో భాగిస్తాం, వేరియన్స్ 5 అవుతుంది. ఎందుకని అడిగితే చాలామంది రూల్ అంతే అంటారు. శాంపిల్ మీన్ ఆ శాంపిల్ విలువల్లోంచే పుట్టింది కాబట్టి వాటికి దగ్గరగా ఉంటుంది, దాన్నుంచి కొలిచిన దూరాల వర్గాల మొత్తం అసలు మీన్ నుంచి కొలిచినదానికన్నా ఎప్పుడూ ఎక్కువ రాదు, సాధారణంగా తక్కువే వస్తుంది. ఆ తరుగును సరిచేయడానికే ఒకటి తగ్గించి భాగించడం.

చేత్తో నాలుగైదు లెక్కలు అయ్యాక కాలిక్యులేటర్ తీయండి. కాసియో ఎఫ్ఎక్స్-82 ఎంఎస్ ఉంటే మోడ్, 2 నొక్కి ఎస్‌డీలోకి వెళ్లి, ఒక్కో విలువా కొట్టి ఎం ప్లస్ నొక్కుతూ పోవాలి. తర్వాత షిఫ్ట్, 2 నొక్కితే మీన్‌తో పాటు రెండు రకాల ఎస్‌డీలూ కనిపిస్తాయి, ఎన్‌తో (విలువల సంఖ్యతో) భాగించిందీ, ఎన్ మైనస్ ఒకటితో భాగించిందీ. కొత్త లెక్కకి ముందు షిఫ్ట్, మోడ్, 1, ఈక్వల్ నొక్కి పాత డేటా తీసేయడం మర్చిపోవద్దు, లేకపోతే పాతవాటి వెనకే కొత్తవి చేరతాయి. ఎం ప్లస్ నొక్కిన ప్రతిసారీ స్క్రీన్ మీద ఎన్ ఎంతైందో ఒక చూపు చూడండి, ఐదు విలువలకి 10 కనిపిస్తే అక్కడే తెలిసిపోతుంది.

ప్రాబబిలిటీ దగ్గర చాలామంది సబ్జెక్ట్ మీదే ఆశ వదులుకుంటారు, అది చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ కావాల్సింది తెలివి కాదు, ఓపిక. బేయస్ సిద్ధాంతం లెక్క వస్తే వెంటనే ఫార్ములా వైపు వెళ్లకండి, 1000 మందిని ఊహించుకోండి. జబ్బు 1 శాతం మందికి ఉంది, జబ్బున్నవాళ్లలో 90 శాతం మందికి టెస్ట్ పాజిటివ్ వస్తుంది, లేనివాళ్లలో కూడా 10 శాతం మందికి పొరపాటున పాజిటివ్ వస్తుంది అనుకోండి. పాజిటివ్ వచ్చినవాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు ఎంత శాతం అన్నది ప్రశ్న. జబ్బున్నవాళ్లు 10 మంది, వాళ్లలో 9 మందికి పాజిటివ్. లేనివాళ్లు 990, వాళ్లలో 99 మందికి పాజిటివ్. మొత్తం 108 పాజిటివ్‌లలో నిజంగా జబ్బున్నవాళ్లు 9 మందే, అంటే 8 శాతం పైచిలుకు. పరీక్షలో ఫార్ములా రాయాల్సిందే, కానీ ముందు పక్కన ఈ మనుషుల లెక్క వేసుకుంటే ఆన్సర్ సరైందో కాదో మీకే తెలుస్తుంది. ఇంకోటి, మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్ (రెండూ కలిసి జరగనివి), ఇండిపెండెంట్ (ఒకటి జరిగినా రెండోదాని అవకాశం మారనివి) ఒకటే అనుకోవద్దు. ఒకటి జరిగితే రెండోది జరగనే జరగదు అంటే ఒకదాని మీద రెండోది పూర్తిగా ఆధారపడినట్టే కదా.

బైనామియల్, పాయిజాన్, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ల చాప్టర్లకి డెరివేషన్లు చూడకుండా రాసి ప్రాక్టీస్ చేయడం తప్ప వేరే దారి లేదు. ముందు ముందు ఎస్టిమేషన్‌లో, అంటే శాంపిల్ నుంచి గుంపు విలువల్ని అంచనా వేసే చాప్టర్లో, క్రామర్-రావు ఇనీక్వాలిటీ వస్తుంది. ఆ రావు మన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్. రావు గారే, అది ఉన్న ఆయన రీసెర్చ్ పేపర్ 1945లో అచ్చయ్యేనాటికి ఆయనకి అటూ ఇటూగా పాతికేళ్లు.

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ హైపోథిసిస్ టెస్టింగ్‌కి, అంటే ఒక మాటని శాంపిల్‌తో పరీక్షించే చాప్టర్‌కి, పెట్టండి. పాల ప్యాకెట్‌లో సగటున 500 మిల్లీలీటర్లు ఉంటాయని కంపెనీ అంటోంది. 36 ప్యాకెట్లు కొలిస్తే సగటు 496, ఎస్‌డీ 12 వచ్చింది. 12ని 36 వర్గమూలం 6తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 2, తేడా -4ని దానితో భాగిస్తే జెడ్ విలువ -2. రెండు వైపుల టెస్ట్‌లో 5 శాతం లెవెల్ దగ్గర హద్దు 1.96 కాబట్టి నల్ హైపోథిసిస్‌ని, అంటే సగటు 500 అన్న మాటని, రిజెక్ట్ చేస్తాం. 1 శాతం దగ్గర హద్దు 2.58 కాబట్టి రిజెక్ట్ చేయలేం. డేటా ఒకటే, తీర్పులు రెండు, అందుకే లెవెల్ ఎంతో లెక్క చేయకముందే రాసి పెట్టుకోవాలి. ఇక్కడ పి-వాల్యూ సుమారు 0.046. దాని అర్థం, నిజంగానే సగటు 500 అయితే 500 నుంచి ఇంత దూరంగానో ఇంకా దూరంగానో ఉన్న శాంపిల్ సగటు వచ్చే అవకాశం 4.6 శాతం అని. కంపెనీ మాట నిజమయ్యే అవకాశం 4.6 శాతం అని మాత్రం రాయొద్దు, అది తప్పు. రిజెక్ట్ చేయలేనప్పుడు కూడా కంపెనీ చెప్పింది నిజమని తేలింది అని రాయకూడదు, కాదనడానికి ఈ శాంపిల్‌లో తగినంత ఆధారం లేదు అని రాయాలి.

కోరిలేషన్ (రెండు విషయాలు ఒకే గీత మీద ఎంత కలిసి నడుస్తాయో చెప్పే కొలత) లెక్కకి ముందు గ్రాఫ్ షీట్ మీద చుక్కలు పెట్టండి. 1973లో ఆన్స్‌కోంబ్ అనే ఆయన నాలుగు డేటా సెట్లు తయారు చేశాడు. నాలుగింటికీ మీన్‌లు, వేరియన్స్‌లు దాదాపు ఒకటే, కోరిలేషన్ కూడా 0.816 దగ్గరే. గ్రాఫ్ గీస్తే ఒకటి మామూలు గీత చుట్టూ చుక్కలు, ఇంకోటి వంపు, మిగతా రెండింట్లో ఒకే ఒక్క చుక్క కథంతా మార్చేస్తుంది.

ప్రాక్టికల్ రికార్డులో చివర ఇన్‌ఫరెన్స్ అని ఉండే లైన్ పక్కవాళ్ల రికార్డు చూసి ఎక్కించేయకండి, మొదట చెప్పిన వాక్యం అలవాటయ్యేది అక్కడే. వైవాలో కూడా ప్రశ్నలు దాని మీదే వస్తాయి.

పరీక్షలో నార్మల్ టేబుల్ చేతికి రాగానే 0.00 ఎదురుగా ఏముందో చూడండి. 0.0000 ఉంటే అది మధ్య నుంచి జెడ్ దాకా ఉన్న ఏరియా, 0.5000 ఉంటే ఎడమ చివర నుంచి మొత్తం. 1.96కి మొదటి రకంలో 0.4750, రెండో రకంలో 0.9750 ఉంటుంది. ఏ రకమో పేపర్ మూలన పెన్సిల్‌తో రాసుకుని లెక్క మొదలుపెట్టండి.