యోసెమిటీలో టెంట్ వేస్తున్నారా? బుకింగ్ నుంచి ఆవకాయ సీసా దాకా

బే ఏరియాలో ఉండే మనవాళ్లు చాలామంది యోసెమిటీ నేషనల్ పార్క్‌కి తెల్లారుజామున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరిపోతారు, అందులో సగం రోజు డ్రైవింగ్‌కీ పార్కింగ్ వెతుక్కోవడానికే పోతుంది. రెండు రాత్రులు టెంట్‌లో ఉండండి, అప్పుడు తెలుస్తుంది ఆ కొండల సంగతి.

ముందు సైట్, అంటే టెంట్ వేసుకునే స్థలం దొరకాలి. యోసెమిటీ వ్యాలీలోని అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్ బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఐదు నెలల ముందే, 15వ తేదీ పొద్దున 7 గంటలకు పసిఫిక్ టైమ్ ప్రకారం తెరుస్తారు, ఒక నెల తేదీలన్నీ ఒకేసారి. వేసవి వీకెండ్‌లు నిమిషాల్లో ఎగిరిపోతాయి కాబట్టి ముందే లాగిన్ అయి, రెండు మూడు రకాల తేదీలు రాసి పెట్టుకుని కూర్చోండి. వారం మధ్యలో వెళ్లగలిగితే టెన్షన్ చాలా తగ్గుతుంది. దొరక్కపోతే వదిలేయకండి, ట్రిప్ దగ్గర పడ్డాక క్యాన్సిలేషన్లు వస్తుంటాయి. ఒక సైట్‌కి ఆరుగురే, పిల్లలతో కలిపి.

ఇక ఎలుగుబంట్లు. కాలిఫోర్నియాలో ఇప్పుడున్నవి బ్లాక్ బేర్‌లే, మనుషుల జోలికి రావడం అరుదు, కానీ తిండి వాసన తగిలితే కారు డోర్ ఊడబీకడం వాటికి పెద్ద పని కాదు. అందుకే ప్రతి సైట్‌లో ఒక ఇనప పెట్టె ఉంటుంది, బేర్ బాక్స్ అంటారు. తిండి ఒక్కటే అందులో పెడితే సరిపోదు. ఆవకాయ సీసా, పాలు, టూత్‌పేస్ట్, సబ్బు, కొబ్బరినూనె, బేబీ వైప్స్, చెత్త సంచీ, వాసన ఉన్న ప్రతిదీ అందులోకే, చేతికందే దూరంలో మీరు లేకపోతే పగలైనా సరే. కారులోనో టెంట్‌లోనో వదిలేస్తే జరిమానా 5,000 డాలర్ల దాకా ఉండొచ్చు. పెట్టె సాధారణంగా 45 అంగుళాల వెడల్పు, 33 లోతు, 18 ఎత్తు ఉంటుంది, కాబట్టి బయల్దేరే ముందు మీ కూలర్ ఎత్తు ఒకసారి కొలిచి చూడండి.

వంట విషయంలో మనవాళ్లకి ఎవరూ చెప్పనిది ఒకటుంది. వ్యాలీ దాదాపు 4,000 అడుగుల ఎత్తు, అక్కడ నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పార్క్‌లోనే ఇంకా పైనున్న టువాలమీ మెడోస్ అయితే 8,600 అడుగులు, అక్కడ 91 డిగ్రీలే. మామూలు గిన్నెలో కందిపప్పు పెడితే మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది, చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం పాటించాలి, కాబట్టి విజిళ్లన్నీ ఆలోపే కొట్టించేయండి. మొదటి రాత్రికి పులిహోర చేసుకెళ్తే ఇంకా సుఖం. స్టవ్ ప్రొపేన్‌ది తీసుకోండి, బ్యూటేన్ డబ్బాలు చలికి పొద్దున్నే మొరాయిస్తాయి. ఎంత చలేసినా టెంట్ లోపల మాత్రం వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

జులైలో కూడా పైన టువాలమీలో రాత్రిళ్లు గట్టిగానే చలేస్తుంది. చలి పైనుంచి కన్నా నేల నుంచి ఎక్కువ లాగుతుంది, అందుకే ఎన్ని రగ్గులు కప్పుకున్నా మామూలు గాలి పరుపు మీద వణుకుతూనే ఉంటారు. దాని మీద ఫోమ్ ప్యాడ్ వేసుకోండి.

మంటకి పుల్లలు వ్యాలీలో ఏరకూడదు, కొనుక్కోవాలి. స్నానాలు క్యాంప్‌గ్రౌండ్‌లో కుదరవు, వ్యాలీలోనే ఉన్న కర్రీ విలేజ్ అనే బస ప్రాంతానికి వెళ్లాలి. వ్యాలీలో గ్యాస్ స్టేషన్ కూడా లేదు, దారిలోనే ట్యాంక్ నింపుకోండి.

టువాలమీ వైపు వెళ్లేవాళ్లు టయోగా రోడ్ తెరిచారో లేదో చూసుకుని బయల్దేరండి, మంచు వల్ల అది మామూలుగా నవంబర్ నుంచి మే చివరి దాకా, కొన్నేళ్లు జూన్‌లో కూడా మూసే ఉంటుంది.